ఊరికి వస్తానంటున్న బిడ్డకు

బిడ్డా, నువ్వూ అల్లుడూ గచ్చిబౌలి ఫ్లాటు వదిలి ఊరివైపు వచ్చేద్దామనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. శంకరపల్లికీ చేవెళ్లకూ మధ్య కొంచెం జాగా తీసుకోవాలి, చిన్న ఇల్లు కట్టుకోవాలి, పొద్దున ఆఫీసుకు పోయి పొద్దుగూకేసరికి తిరిగి రావాలి, బాబు పెద్దవాడయ్యేనాటికి ఆ జాగా ధర పెరిగి వాడి చదువుకు అక్కరకు రావాలి. ఇదీ మీ ఆలోచన. వింటే నాకు సంతోషమైంది. ఊళ్లు ఖాళీ అవుతున్నాయని దిగులుపడేవాణ్ని, నా బిడ్డ వస్తానంటే వద్దంటానా? కానీ ఈ వైపే పుట్టి, ఈ వైపు బళ్లలోనే పాఠాలు చెప్పి, ఇక్కడే ముసలివాణ్నయ్యాను. భూములు చేతులు మారడం చూశాను. వచ్చినవాళ్లలో కొందరు ఊరివాళ్లయిపోవడం, కొందరు రెండేళ్లకే గేటుకు తాళం వేసి పోవడం చూశాను. కాబట్టి నా మాట కొంచెం ఓపికగా విను.

మీరు ఒక్క జాగాను మూడు కోరికలు అడుగుతున్నారు. ఉండటానికి హాయిగా ఉండాలి, రోజూ పోయిరావడానికి వీలుగా ఉండాలి, ధర పెరగాలి. ఈ మూడూ ఒక్కచోట దొరకడం చాలా అరుదు. ధర ఇంకా పెరగాల్సి ఉన్న చోట రోడ్డు సరిగా ఉండదు, నీళ్ల సంగతి తేలదు, చుట్టూ మనుషుల కన్నా కంచెలే ఎక్కువ. అన్నీ అమరిన చోట ధర ఎప్పుడో పెరిగి కూర్చుంటుంది. మోకిల వైపు చూడు. 2023 ఆగస్టులో అక్కడ హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేస్తే కొన్నిటికి గజం లక్ష రూపాయలు దాటింది. అక్కడ ఇల్లు కట్టుకుని బతకొచ్చు, కానీ ఇంకా రెట్టింపవుతుందని ఆశపడి కొనే చోటు మాత్రం కాదది. అందుకని ముందు మీ ఇద్దరూ కూర్చుని ఒక్క సంగతి తేల్చుకోండి. ఉండటానికి కొంటున్నారా, పెట్టుబడికి కొంటున్నారా? నన్నడిగితే ఉండటానికే కొనండి. ధర పెరిగితే పెరగనీ, పెరగకపోతే మీకు ఇల్లు ఉంటుంది. పెట్టుబడికి దాచుకున్న డబ్బును వేరే దారిలో పెట్టుకోండి.

అసలు కొనడం కన్నా ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఒక ఏడాది ఈ వైపు కిరాయికి ఉండండి. నీకు ఇది వింతగా తోస్తుందేమో. ఊళ్లో కిరాయికి ఉండటమేంటి అని అల్లుడు అంటాడు కూడా. అయినా ఉండి చూడండి. జాగా చూపించేవాళ్లు నిన్ను ఆదివారం పొద్దున తీసుకొస్తారు, అదీ సంక్రాంతి ముందు. అప్పుడు ఏ ఊరైనా అందంగానే ఉంటుంది. మంచు పడుతుంటుంది, చెరువులో నీళ్లుంటాయి, బంతిపూల తోటలు విరగబూసి ఉంటాయి. అదే ఊరిని మే నెల మధ్యాహ్నం చూడాలి. గాలిదుమారం వచ్చి కరెంటు తీగలు తెగి, మర్నాటిదాకా లైన్‌మన్ రాని రాత్రి చూడాలి. ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టి, ఇంటి ముందు మట్టిరోడ్డు మీద కారు దిగబడినప్పుడు చూడాలి. ఇవన్నీ చూశాక కూడా బాబు నవ్వుతూ ఆడుకుంటుంటే, నీకు ఇక్కడ నిద్ర పడుతుంటే, అప్పుడు కొనండి. ఏడాది కిరాయి పోతే పోతుంది. తొందరపడి కొన్నది అమ్ముకోవాలంటే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చే మన రాష్ట్రంలో 7.5 శాతం, అది తిరిగిరాదు.

నీళ్ల గురించి అడుగు, అడిగి ఊరుకోకుండా చూడు. మిషన్ భగీరథ నల్లా చాలా ఊళ్లలో ఉంది, కానీ అది ఊరి మధ్య ఇళ్లకు. ఊరికి దూరంగా పొలాల్లో కట్టుకుంటే బోరే దిక్కు. ఈ వైపు నేల కింద రాయి. పగుళ్లున్న చోట నీళ్లు, లేని చోట దుమ్ము. ఒకడి జాగాలో రెండు వందల అడుగులకే పడతాయి, పక్కవాడి జాగాలో ఎనిమిది వందలు దింపినా పడవు. కొబ్బరికాయ పట్టుకుని చూసేవాడి మాట కన్నా చుట్టుపక్కల నాలుగు బోర్లు ఏప్రిల్‌లో ఎంతసేపు పోస్తున్నాయో చూడటం మేలు. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, తాగునీటి బోరుకు దగ్గరగా వేయనివ్వరు. నేల సంగతి కూడా చూసుకో. చేవెళ్ల దాటి పడమటికి పోయేకొద్దీ నల్లరేగడి తగులుతుంది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. పునాది దానికి తగ్గట్టు వేయకపోతే మూడో ఏటికే గోడలు బీటలు వారతాయి. ఇంజనీరుకు చూపించి మట్టి పరీక్ష చేయించుకున్నాకే ప్లాన్ గీయించు.

ఇప్పుడు రోజూ పోయిరావడం గురించి. దీన్ని అందరూ చులకనగా తీసుకుంటారు, ఊరు వదిలి తిరిగి పోయినవాళ్లలో సగం మంది దీనివల్లే పోయారు. ఫోన్‌లో దారి చూసుకుని నలభై నిమిషాలే అంటారు. అది రాత్రి పదకొండింటికి చూపించే లెక్క. పొద్దున ఎనిమిదిన్నరకు గండిపేట, కోకాపేట మీదుగా నార్సింగి దాకా పోవడం వేరు. సోమవారం పొద్దున, వాన కురుస్తుండగా, నువ్వే బండి నడుపుకుంటూ పోయి చూడు. తిరిగి రావడం ఇంకా ముఖ్యం. పొద్దున అందరూ ఓపికగానే ఉంటారు. సాయంత్రం అలసిపోయి, చీకట్లో, ఎదురుగా లైట్లు కళ్లలో కొడుతుంటే నడపడమే కష్టం.

మన బీజాపూర్ రోడ్డు సంగతి నీకు తెలుసు. రెండు వైపులా మర్రిచెట్లు ఊడలు దించుకుని నిలబడి ఉంటాయి, చిన్నప్పుడు నువ్వు బస్సు కిటికీలోంచి లెక్కపెట్టేదానివి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు లైన్లు చేసే పని ఆ చెట్ల విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోవడంతో ఏళ్ల తరబడి ఆగింది. ఆ చెట్లు ఉండాలనే నా కోరిక, రోడ్డు బాగుపడాలనీ నా కోరిక, రెండూ జరిగే ఉపాయం ఉందనే నమ్ముతాను. కానీ ఈలోగా ఇరుకు రోడ్డు మీద కంకర టిప్పర్లూ, తాండూరు సిమెంటు లారీలూ, ఆర్టీసీ బస్సులూ, కాలేజీ పిల్లల బైకులూ కలిసే పోతుంటాయి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు తాండూరు బస్సును గుద్దిన రోజు ఈ వైపు ఏ ఊళ్లోనూ పొయ్యి వెలగలేదు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదమ్మా. ఆ రోడ్డు మీద వారానికి పదిసార్లు తిరగాల్సింది నువ్వు గనుక చెబుతున్నాను. ఇద్దరూ వారంలో రెండు మూడు రోజులు ఇంటినుంచి పనిచేసే వీలు ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకోగలిగితేనే ఇక్కడ ఉండటం సుఖం. ఆ వీలు పైవాడు మారితే పోయేదైతే దాన్ని నమ్ముకుని ఇల్లు కట్టొద్దు.

రైలు మాటకొస్తే శంకరపల్లిలో స్టేషను ఉంది. సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ మీదుగా వాడి పోయే లైను అది. ప్యాసింజర్లున్నాయి, లింగంపల్లి చేరితే అక్కడినుంచి ఎంఎంటీఎస్ దొరుకుతుంది. ఆఫీసు వేళకు సరిపోయే బండి ఉంటే, స్టేషనుకు రెండు మూడు కిలోమీటర్లలో ఇల్లు తీసుకోవడం అన్నిటికన్నా తెలివైన పని. రోడ్డును నమ్ముకున్నవాళ్ల కన్నా రైలును నమ్ముకున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ కాలం నిలిచారని నా గమనిక. ఇక పల్లె వెలుగు బస్సు. తెల్లారగట్ల బస్సులో ఒక్కసారి మెహిదీపట్నం దాకా పోయి చూడు. పాలకూర, కొత్తిమీర, మెంతికూర కట్టలు తడిగుడ్డల్లో చుట్టుకుని ఆడవాళ్లు రైతుబజారుకు పోతుంటారు. సీట్ల కింద నీళ్లు కారుతుంటాయి, బస్సంతా కొత్తిమీర వాసన. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు టికెట్ తీసేశాక వాళ్లకు మిగిలే నాలుగు రూపాయలు పెరిగాయి, బస్సులో నిలబడే చోటు తగ్గింది. నువ్వు కారులో తిరిగేదానివే అయినా నీ ఇంట్లో పనికొచ్చే మనిషి, మీ అత్తగారు, రేపు పెద్దయ్యాక నీ కొడుకు ఆ బస్సు మీదే ఆధారపడతారు. బస్సు ఆగని ఊళ్లో ఇల్లు తీసుకోవద్దు.

కాగితాల గురించి కొంచెం పొడుగ్గా చెబుతాను. ఎందుకంటే ఇక్కడ కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లను ఎక్కువగా చూశాను. ముందు ఆ జాగా వ్యవసాయ భూమా, ఇళ్ల ప్లాటా తేల్చుకో. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషను తహశీల్దారు ఆఫీసులో, ప్లాటు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో. 2020లో ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని చోట భూభారతి వచ్చింది. పేరేదైనా తెర మీద కనిపించే పేరు ఒక్కటే చూసి నమ్మొద్దు. పాసుబుక్కులో పేరు ఒకరిది ఉంటుంది, మోఖా మీద దున్నుకునేవాడు ఇంకొకడు ఉంటాడు. తాతల నాడు సాదాబైనామా మీద, అంటే తెల్లకాగితం మీద రాసుకుని కొన్న భూములు ఈ వైపు ఎన్నో. 1954–55 నాటి ఖాస్రా పహాణీ నుంచి ఇప్పటిదాకా ఆ సర్వే నంబరు ఎవరెవరి పేర్ల మీదుగా వచ్చిందో వరుసగా చూడాలి. మధ్యలో ఒక్క ఏడాది పేరు హఠాత్తుగా మారితే ఎందుకు మారిందో అడగాలి. రక్షిత కౌలుదార్లు ఉన్నారా, వాళ్లకు యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్లు ఇచ్చారా చూడాలి. ముప్పై ఏళ్లకు తగ్గకుండా ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయాలి. అమ్మేవాడికి అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లందరి సంతకాలు కావాలి. పెళ్లయి వెళ్లిపోయిందిలే, ఆమెకేం హక్కు అనేవాడి దగ్గర భూమి కొనవద్దు. చట్టప్రకారం అది తప్పు, మన మనసుకూ తప్పే.

ఇంకా కొన్ని రకాల భూములున్నాయి, వాటి జోలికే పోకూడదు. సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ భూమి 1977 చట్టం ప్రకారం అమ్మడానికీ కొనడానికీ లేదు. ఎకరం సగం ధరకే వస్తుందంటే ముందు అదేనేమో చూడు. వక్ఫ్, దేవాదాయ, భూదాన్ భూములు నిషేధిత జాబితాలో ఉంటాయి. శిఖం భూమి అంటే చెరువు లోపలి భూమి. ఎండాకాలంలో అది బంగారంలాంటి పొలంగా కనిపిస్తుంది, వానాకాలంలో చెరువు తన జాగా తాను అడుగుతుంది. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అదే ఎఫ్‌టీఎల్. ఆ గీత దాటి 25 ఎకరాలకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫరు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చి నగరంలో కూల్చిన కట్టడాల్లో రిజిస్ట్రేషను అయినవీ, బ్యాంకు అప్పు పుట్టినవీ ఉన్నాయి. రిజిస్ట్రేషను అయిందంటే భూమి స్వచ్ఛమైనదని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు, ఈ ఒక్క సంగతి అల్లుడికి బాగా అర్థమయ్యేట్టు చెప్పు.

గండిపేట చుట్టుపక్కలైతే ఇంకో లెక్క కూడా ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదులో వేలమంది పోయాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ చెరువులకు నీళ్లు పారే నేల చెడకూడదని, కట్టడాలను కట్టడి చేస్తూ 1996 మార్చి 8న జీవో 111 తెచ్చారు. చుట్టూ 10 కిలోమీటర్లలో 84 ఊళ్లు దాని కిందికి వచ్చాయి. ఆ జీవో పోతుందని ఒకసారి, పోదని ఒకసారి మాట వచ్చినప్పుడల్లా మొయినాబాద్ వైపు ఎకరం ధర ఎగిరింది, పడింది. నువ్వు కొనే రోజుకు అమల్లో ఉన్న నిబంధన ఏమిటో హెచ్‌ఎండీఏ నుంచి కాగితం మీద తీసుకో. దలాలి నోటిమాట మీద ఇల్లు కట్టొద్దు. నా సొంత అభిప్రాయం అడిగితే, ఆ చెరువులను కాపాడుకోవాలి. మనం నీళ్లు తాగిన చెరువులవి.

కాగితాలన్నీ సరిపోయాక కూడా హద్దు నడవాలి. లైసెన్సున్న సర్వేయరును పిలిపించి, చుట్టూ గెట్టు ఉన్న రైతులందరికీ ముందే కబురు పెట్టి, కొలిపించు. ఆ పొద్దున కొలత నడిచే తీరు దగ్గరుండి చూడాలి. సర్వేయరు నక్ష విప్పుతాడు, పాతరాయి కోసం మూలన తుమ్మచెట్టు కింద తవ్విస్తాడు. పక్క పొలం ముసలామె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఆ రాయి మొన్న ట్రాక్టరోడు జరిపిండు, అసలుది ఇక్కడ కాదు అంటుంది. ఇంకొకాయన వచ్చి మా బండ్ల బాట దీంట్లోంచే పోతది, మా తాతలనాటి నుంచి అంటాడు. ఆ మాటలన్నీ ఓపికగా విని రాసుకో. కాగితాల్లో లేనివి ఎన్నో ఆ మాటల్లో ఉంటాయి. ఎవరూ రాకపోతే కొనవద్దు. పక్కవాళ్లు రానిచోట ఏదో పంచాయితీ నడుస్తోందనే అర్థం. నీ జాగాకు దారి ఎటునుంచో కూడా నక్షలో చూడు. నక్షబాట లేకుండా పక్కవాడి దయమీద నడిచే దారి ఆ దయ ఉన్నన్నాళ్లే.

ఫామ్ ప్లాట్లంటూ ఈ వైపు బోర్డులు బాగా లేచాయి. మామిడి మొక్కలు, శ్రీగంధం మొక్కలు నాటి పదిహేనేళ్లలో కోట్లు అంటారు, నెలనెలా ఇంత ఇస్తామంటారు, కావాలంటే మేమే తిరిగి కొంటామంటారు. దూరంగా ఉండు. 2,000 చదరపు మీటర్లకు, అంటే సుమారు 20 గుంటలకు తగ్గించి వ్యవసాయ భూమిని ఫామ్ ప్లాట్లుగా అమ్మడం చట్టవిరుద్ధమని అధికారులు చెబుతూనే ఉన్నారు. ఇళ్ల ప్లాట్ల వెంచరు 500 చదరపు మీటర్లు దాటితే రెరా నంబరు ఉండాలి. ఆ నంబరు కరపత్రం మీద చూసి ఊరుకోక రెరా సైటులో నువ్వే కొట్టి చూడు. గ్రామపంచాయతీ లేఅవుట్ అని చెబితే ఆగు. లేఅవుటుకు సాంకేతిక అనుమతి డీటీసీపీ గానీ హెచ్‌ఎండీఏ గానీ ఇవ్వాలి. సర్పంచి సంతకం ఒక్కటీ చాలదు. అది లేని ప్లాటుకు బ్యాంకు అప్పివ్వదు. బ్యాంకు వద్దన్నది మనకెందుకు?

ఇంకో రెండు ముక్కలు. డాలస్‌లో ఉన్న నీ తమ్ముడు నేనూ సగం వేస్తాను అంటున్నాడట. ఫెమా చట్టం ప్రకారం విదేశాల్లో ఉండేవాళ్లు వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడానికి లేదు, వారసత్వంగా వస్తే వేరు. వాడి డబ్బు పెట్టి నీ పేరున రాయించుకోవడం లాంటి ఉపాయాలు రేపు మీ అక్కాతమ్ముళ్ల అనురాగాన్నే చెడగొడతాయి. వాడికి కావాలంటే అనుమతులున్న ఇళ్ల ప్లాటు కొనుక్కోమను. రెండోది, నగదు. కొంత తెల్లగా, కొంత నల్లగా అంటారు. భూమి లావాదేవీలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే జరిమానా, నీకు అది లెక్క చూపలేని డబ్బు. బయానాతో సహా ప్రతి రూపాయీ బ్యాంకు ద్వారానే ఇవ్వు. అప్పు తెచ్చి వ్యవసాయ భూమి కొనవద్దు. అది అవసరమైన నెలలో అమ్ముడుపోయే వస్తువు కాదు. ధర పెరిగిందని అందరూ చెబుతారు, చెక్కు పట్టుకుని వచ్చేవాడు మాత్రం ఏడాదికీ రాడు.

పుకార్ల సంగతి తొందరగా ముగిస్తాను. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటిన వార్త రాగానే ముప్పై కిలోమీటర్ల అవతల చెలక భూములకూ రెక్కలొచ్చాయి. కోకాపేటలో అమ్మింది రోడ్లు, డ్రైనేజీ వేసిన, ఆకాశహర్మ్యాలకు అనుమతున్న భూమి. చెలక అది కాదు. ఇప్పుడందరి నోటా ట్రిపుల్ ఆర్, అంటే రీజినల్ రింగ్ రోడ్డు. ఆ రోడ్డు మన పక్కనుంచి పోతుందా, మన మీదుగా పోతుందా అన్నది ముందు చూసుకో. మీదుగా పోతే మిగిలేది నష్టపరిహారమే. పక్కనుంచి పోయినా అది ఎక్కడపడితే అక్కడ ఎక్కే రోడ్డు కాదు. ఔటర్ రింగ్ రోడ్డు లాగే ఇంటర్‌చేంజి ఉన్నచోటే ఎక్కాలి, దిగాలి. మధ్యలో ఉన్నవాళ్లకు దక్కేది శబ్దమూ దుమ్మూ. అమరావతిలో 2015లో పెరిగిన ధర 2019లో పడింది, 2024 తర్వాత మళ్లీ లేచింది. మధ్యలో అయిదేళ్లు ఆగలేక అమ్ముకున్నవాళ్లకు ఆ లేవడం ఏం ఉపయోగం? మీరు ఆగగలరా అన్నదే చూసుకోండి.

ఇక అన్నిటికన్నా నాకు ముఖ్యమైనది. మీరు వచ్చేది ఒక ఊళ్లోకి. మనుషులున్న ఊళ్లోకి. ఇక్కడ భూమి అమ్మిన రైతే అదే భూమికి వాచ్‌మన్‌గా నిలబడటం నేను చూస్తున్నాను. నిన్నటిదాకా తాను దుక్కి దున్నిన చోట, ఇవాళ గేటు తెరిచి సలాం కొడుతున్నాడు. చూసినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. నువ్వు పొలం తీసుకుంటే, అమ్మినవాళ్లకే సాగుకు కౌలుకివ్వు, ఎన్నేళ్లకు, ఎంతకు అన్నది కాగితం మీద రాసుకో. వాళ్ల గౌరవం నిలుస్తుంది, నీ భూమి పడావు పడదు, కబ్జా భయమూ ఉండదు. కాపలా గోడ కన్నా సాగు మంచి కాపలా.

గోడ కట్టేటప్పుడు బాట మూయవద్దు. గొర్లకాపరి వెళ్లే దారి, వాన నీళ్లు పారే ఒర్రె నీ జాగాలో ఉంటే వాటిని ఉన్నట్టే ఉండనివ్వు. ఒర్రె పూడిస్తే మొదటి వాన పక్కవాడి చేనును ముంచుతుంది, రెండో వాన నీ ఇంట్లోకి వస్తుంది. బోరు నీళ్లతో ఈతకొలను నింపుకునే ఇళ్లు ఈ వైపు ఉన్నాయి. పక్కనే టమాటా తోట ఎండుతుంటే అది చేయడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు. నువ్వు ఇంటి కప్పు మీది వాననీళ్లను గుంటలోకి మళ్లించు, ఆ పని పునాదితోపాటే చేయించు. చెత్త తగలబెట్టొద్దు, ప్లాస్టిక్ పొలం గట్టు మీద పారేయొద్దు, పశువులు తింటాయి. శనివారం రాత్రి స్నేహితులను పిలిచి పెద్ద సౌండు పెట్టొద్దు. నాలుగింటికి లేచి పాలు పిండాల్సినవాళ్లు పక్కనే పడుకుని ఉంటారు.

బోనాలకు, బతుకమ్మకు, పీర్ల పండుగకు చందా అడిగితే ఇవ్వు, ఇచ్చి ఇంట్లో కూర్చోవద్దు. బతుకమ్మ ఆడే చోటికి వెళ్లు. తంగేడు పూలు ఎక్కడ దొరుకుతాయో ఊరి పిల్లలు నీ కొడుక్కి చూపిస్తారు. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ పూటే వెళ్లి నిలబడు. ఇదొక్కటి చాలు, నువ్వు ఊరిమనిషివని అనడానికి. ఏ కులం వాడకు వెళ్లాలి, ఏ వాడకు వెళ్లకూడదు అని ఎవరైనా నీకు చెప్పబోతే వినొద్దు. అన్ని వాడలకూ వెళ్లు. ఓటు ఇక్కడికి మార్చుకో, గ్రామసభకు పో. ఊరి బడిని చూసి రా. బాబును అక్కడే చేర్పించమని నేను పట్టుబట్టను, కానీ 2022 నుంచి సర్కారు బడిలోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది, చిన్న తరగతులకు మా దగ్గర మంచి పంతుళ్లున్నారు. రోజూ రెండు గంటలు స్కూలు వ్యానులో నిద్రపోయే పిల్లవాడి కన్నా, నడిచి బడికిపోయి సాయంత్రం చెరువుగట్టున ఆడుకునే పిల్లవాడు ఎక్కువ నేర్చుకుంటాడన్నది నేను బడిలో ఇన్నేళ్లు గడిపి నమ్మిన మాట.

ఆరోగ్యం గురించి ఒక్క ముక్క. వానాకాలంలో రక్తపింజర, కట్లపాము తిరుగుతాయి. చీకట్లో లైటు లేకుండా, చెప్పులు లేకుండా అడుగు బయట పెట్టొద్దు, కింద చాప మీద పడుకోవద్దు. కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, మంత్రం వేయించడం ఏమీ వద్దు. కాలు కదలనివ్వకుండా తిన్నగా సర్కారు దవాఖానకు పోవాలి, విరుగుడు మందు అక్కడ ఉచితంగా ఇస్తారు. మీ మామగారికి గుండె ఆపరేషన్ అయింది కదా, ఆయన మీతో ఉండేట్టయితే ఇల్లు తారురోడ్డు మీదే తీసుకోండి. 108 బండి మట్టిరోడ్డు వెతుక్కుంటూ తిరగకూడదు. కోతులు నీళ్ల ట్యాంకు మూత లాగేస్తాయి, సోలార్ తీగలు తెంపుతాయి. ట్యాంకు చుట్టూ జాలీ పెట్టించండి.

మా వీధి చివర రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది. ముందు వరండా, వెనక చేదబావి, భగీరథ నల్లా కూడా ఉంది. ఇంటాయన కొడుకు దగ్గరికి పోయాడు, నేను మాట్లాడితే కిరాయికి ఇస్తాడు. ఏప్రిల్‌లో బాబుకు బడి సెలవులు ఇవ్వగానే వచ్చేయండి, వచ్చే ఏప్రిల్ దాకా ఉండండి. ఈలోగా ఆ దలాలి చూపించిన జాగా సర్వే నంబరు, అతను ఇచ్చిన కాగితాల ఫొటోలు ఈ ఆదివారంలోగా నాకు పంపు. పాత పహాణీ నకళ్లు నేనే తహశీల్దారు ఆఫీసుకు పోయి తీయిస్తాను. సర్వే నంబరు చెప్పడానికి అతను వెనకాడితే ఇంకేమీ అడగక్కర్లేదు, ఆ జాగా వదిలేయి. అప్పటిదాకా బయానా కింద ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దని అల్లుడికి నా మాటగా చెప్పు.